ప్లాస్టిక్ పాత్రలు - వేడి ఆహారం

మన వంటిళ్లలో ఒక చిన్న విషయం అందరికీ అనుభవమే. నూనె, పసుపు దండిగా పడిన కూరను ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి వేడిచేస్తే, ఆ డబ్బాకు పట్టిన పసుపు మరక ఎంత తోమినా వదలదు. గాజు గిన్నెకైతే ఆ చిక్కు లేదు. దీనిని మనం శుభ్రతకు సంబంధించిన విసుగుగా మాత్రమే భావిస్తాము. కాని ఆ మరకలో ఒక శాస్త్రసత్యం ఇమిడి ఉన్నది. పసుపులోని రంగు నూనెతోపాటు ప్లాస్టిక్‌లోనికి చొచ్చుకొనిపోయినదంటే, ఆ పాత్ర మనం తలచినంత అభేద్యమైనది కాదన్నమాట. ఆహారం నుండి పాత్రలోనికి దారి ఉన్నప్పుడు, పాత్ర నుండి ఆహారంలోనికి దారి ఉండదా?

ఈ ప్రశ్న రాగానే చాలామంది నేరాన్ని మైక్రోవేవ్ ఓవెన్ మీద మోపుతారు. అది సరికాదు. 1945లో అమెరికా ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ రాడార్ పరికరాలపై పనిచేస్తుండగా తన జేబులోని మిఠాయి కరిగిపోవుట గమనించాడు. ఆ పరిశీలన నుండి పుట్టినదే ఈ ఓవెన్. ఇందులోని విద్యుత్ క్షేత్రం సెకనుకు దాదాపు 245 కోట్ల పర్యాయాలు డోలనం చెందుతూ ఆహారంలోని నీటి అణువులను కదలిస్తుంది. ఆ కదలికయే వేడి. ఈ తరంగాలు ఎక్స్ కిరణాల వంటివి కావు. ఆహారంలో రేడియోధార్మికతను కలిగించవు. ప్లాస్టిక్‌ను ఓవెన్‌లో పెడితే డయాక్సిన్ అనే విషం పుడుతుందన్న ప్రచారం కూడా నిలువదు. క్లోరిన్ గల పదార్థాలు మండినప్పుడు డయాక్సిన్లు పుట్టవచ్చును గాని, అన్నం వెచ్చచేసినంత మాత్రాన పుట్టవు.

మరి భయపడవలసినది దేనికి? ప్లాస్టిక్ అంటే ఒకే పదార్థం కాదు. పొడవైన అణుశృంఖలాలతో పాటు, మెత్తదనం కోసం, మన్నిక కోసం కలిపిన అనేక రసాయనాలు అందులో ఉంటాయి. పి.వి.సి.ని మెత్తబరచే థాలేట్లు, పాలీకార్బొనేట్ తయారీకి మూలమైన బిస్ఫినాల్-ఎ అట్టివే. బిస్ఫినాల్-ఎ మన శరీరంలోని ఈస్ట్రోజెన్ హార్మోనును కొంతవరకు అనుకరిస్తుంది. వేడి, నూనె, కాలం అనే మూడూ కలిసినప్పుడు ఇట్టి రసాయనాలు ఆహారంలోనికి జారుట అధికమవుతుంది. పైగా ఓవెన్‌లో వేడి అంతటా సమానంగా ఉండదు. నూనె అధికంగా ఉన్నచోట వేడి నీరు మరిగే 100 డిగ్రీలను కూడా దాటగలదు.

శిశువుల విషయంలో ప్రభుత్వాలు ముందుగా మేల్కొన్నవి. పాలసీసాలలో బిస్ఫినాల్-ఎ వాడకాన్ని ఐరోపా సమాజం 2011లోను, అమెరికా 2012లోను నిషేధించినవి. మన దేశపు ప్రమాణాల సంస్థ 2015లో అదే మార్గాన్ని అనుసరించినది. అయితే అంతటితో సమస్య తీరలేదు. 2023లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయ పరిశోధకులు పసిపిల్లల ఆహారం అమ్మే ప్లాస్టిక్ పాత్రలను 3 నిమిషాలపాటు ఓవెన్‌లో వేడిచేసి చూచారు. ఒక్క చదరపు సెంటీమీటరు నుండి గరిష్ఠంగా 42 లక్షల సూక్ష్మకణాలు, 211 కోట్ల అతిసూక్ష్మకణాలు వెలువడినట్లు తేలినది. ఈ కణాలు శరీరానికి ఎంత హాని చేస్తాయన్నది ఇంకా పరిశోధనలో ఉన్న విషయం. తీర్పు వచ్చేవరకు పసిపిల్లలపై ప్రయోగం చేయనేల?

ఈ మాట పరులకు చెప్పుటకు ముందు నాకు నేనే చెప్పుకొన్నాను. మా పాప పాలను సీసాతో సహా ఓవెన్‌లో పెట్టి వెచ్చచేసిన రాత్రులు అనేకం. సీసా పైకి గోరువెచ్చగా ఉండి, లోపలి పాలు నోరు కాలేటంత వేడిగా ఉండగలవన్న సంగతి కూడా నాకప్పుడు తెలియదు. ఇప్పుడు పాలను స్టీలు గిన్నెలో పొయ్యిమీద వెచ్చచేసి, చల్లార్చి, ఆ పిమ్మట గాజు సీసాలో పోస్తున్నాము.

డబ్బాపై "మైక్రోవేవ్ సేఫ్" అని ఉన్నది గదా అని కొందరంటారు. ఆ ముద్ర ప్రధానంగా పాత్ర కరగదని, వంకరపోదని తెలుపుతుంది. దానినుండి ఏ అణువూ జారదని హామీ ఇవ్వదు.

ఓవెన్ లేనివారు తమకిది వర్తించదని అనుకోరాదు. పొగలు కక్కే సాంబారును పాలిథిన్ కవరులో కట్టించుకొనుట, హలీమును ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చుకొనుట, కాగితపు కప్పులో చాయ్ తాగుట ఈ కోవలోనివే. కాగితపు కప్పు లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. 100 మిల్లీలీటర్ల వేడి పానీయం అందులో 15 నిమిషాలుంటే సుమారు 25,000 సూక్ష్మకణాలు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో వెల్లడించారు. కనుక దోషం తరంగాలది కాదు, వేడికీ ప్లాస్టిక్‌కూ మనం కుదిర్చిన పొత్తుది.

నివారణకు ఖర్చేమీ లేదు. ఓవెన్‌లో గాజు గిన్నెను గాని, లోహపు పూత లేని పింగాణీ గిన్నెను గాని వాడవలెను. గీతలు పడిన, మరకలు పట్టిన ప్లాస్టిక్ డబ్బాలను వేడి పదార్థాలకు వాడరాదు. హోటలుకు వెళ్లేటప్పుడు స్టీలు క్యారియరు వెంట తీసుకొనిపోవలెను. హాస్టలు విద్యార్థులు పార్సిలు రాగానే కూరను గిన్నెలోనికి ఒంపుకొన్నా చాలును. దీనివలన కడుగవలసిన గిన్నె ఒకటి పెరుగుతుంది. ఇంటిల్లిపాది ఆరోగ్యం కోసం ఆ పాటి శ్రమ ఓర్చుకొనలేమా?