పచ్చకర్పూరపు చెట్టు

తిరుమల వేంకటేశ్వరుని చుబుకానికి అద్దే పచ్చకర్పూరాన్ని ఎరుగని తెలుగువాడు ఉండడు. చక్కెరపొంగలిలో చిటికెడు పడితే ఇల్లంతా గుబాళించే ఆ ద్రవ్యం ఎక్కడ పుట్టినదని విచారించినవారు మాత్రం అరుదు. అది గనిలో దొరికినది కాదు. భూమధ్యరేఖకు చేరువనున్న సుమత్రా, బోర్నియో, మలయా అరణ్యాలలో ఇరువది నిలువుల ఎత్తుకుపైగా పెరిగే ఒక మహావృక్షపు గర్భంలో గడ్డకట్టిన పలుకు అది. శాస్త్రజ్ఞులు ఆ చెట్టును డ్రయోబలనాప్స్ అన్నారు. మలయాదేశస్థులు కాపూర్ అంటారు. మన కర్పూరానికీ వారి కాపూర్‌కూ ఉన్న చుట్టరికం చెవికే తెలుస్తున్నది. ఎవరినుండి ఎవరు పుచ్చుకొన్నారన్న తగవును పండితులకు విడిచిపెడదాము. హారతికి వెలిగించే కర్పూరం వేరు. అది చీనా, జపాను దేశాలలో పెరిగే, దాల్చినచెక్కకు దాయాది అయిన మరొక చెట్టు సొత్తు.

సుమత్రా పడమటి తీరాన బారుస్ అనే రేవు ఈ వర్తకానికి పెట్టినది పేరు. అక్కడ 1088వ సంవత్సరపు తమిళ శాసనం దొరికినది. మన దక్షిణదేశపు వణిక్సంఘాలు సముద్రం దాటి అక్కడ పాతుకొని ఉన్నారనడానికి అదే సాక్ష్యం. ఆ ప్రాంతపు కర్పూరం బంగారంతో సరితూగి అమ్ముడుపోతున్నదని మార్కోపోలో వ్రాసినాడు. ఇంత ప్రియం కావడానికి కారణమున్నది. ప్రతి చెట్టులోను కర్పూరం ఉండదు. ఉన్నదీ లేనిదీ పైకి తెలియదు. మాను నరికి, చీల్చి చూడవలసినదే. జోహోరు అడవులలో కర్పూరం వెదకబోయేవారు ఆ ద్రవ్యం పేరే ఎత్తేవారు కారు. అడవిలో ఉన్నన్నాళ్లూ తమలో తాము ఒక ప్రత్యేకమైన మారుభాషలో మాట్లాడుకొనేవారు. మామూలు మాట దొరలితే కర్పూరం దక్కదని వారి నమ్మకం. మూఢవిశ్వాసమని నవ్వవచ్చును గాని, అంత భయభక్తులతో గొడ్డలి పట్టినవారివల్ల అడవి అంతరించలేదు.

అంతరింపజేసినది కలప వ్యాపారం. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో యంత్రపు రంపం, బుల్డోజరు వచ్చిన తరువాత కాపూర్ మాను దూలాలకు, పలకలకు పోయినది. ఖాళీ అయిన నేలలో పామాయిలు తోటలు లేచినవి. పచ్చకర్పూరాన్ని కర్మాగారంలో టర్పెంటైను నుండి చేయడం నేర్చినా చెట్టుకు గండం తప్పలేదు. ఈ చెట్టు ఒక్కటే కాదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘంవారు 2024లో ప్రకటించిన లెక్కలో 47,000కు పైగా వృక్షజాతులను పరిశీలించగా, నూటికి 38 అంతరించే ప్రమాదంలో ఉన్నట్లు తేలినది.

ప్రమాదమున్నప్పుడు విత్తనాలు దాచుకొనరాదా అని పాఠకులు అడగవచ్చును. చిక్కంతా అక్కడనే ఉన్నది. మన రైతు వడ్లను ఎండబెట్టి గాదెలో పోస్తే మరుసటి ఏటికి మొలకెత్తుతవి. మరింత ఆరబెట్టి అతిశీతలంలో ఉంచితే దశాబ్దాలు నిలుస్తవి. కాపూర్ విత్తనం అట్టిది కాదు. ఎండబెడితే చస్తుంది, శీతలంలో పెడితే చస్తుంది, తడిగా ఉంచితే కొద్దిరోజులలో మొలకెత్తి కూర్చుంటుంది. ఇటువంటి వాటికి 1973లో రాబర్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు ‘మొండి విత్తనాలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టినాడు. నిత్యం వానలు కురిసే అడవిలో కరువుకోసం కాచుకొని ఉండవలసిన అగత్యం ఆ గింజకు ఎన్నడూ కలుగలేదు మరి!

పైగా ఈ కుటుంబపు చెట్లు ఏటేటా పూయవు. రెండేండ్లకో, పదేండ్లకో ఒకసారి, అడవి అడవంతా మాట్లాడుకొన్నట్లు వందలాది జాతులు ఒక్క ఋతువులోనే పూస్తవి. కొన్ని రాత్రులపాటు చలి రెండు డిగ్రీలు ఎక్కువైతే అదే సంకేతమని 1988లో ఆష్టన్ ప్రభృతులు ప్రతిపాదించినారు. అనావృష్టి కూడా తోడు కావలెనని తరువాతివారి మాట. ఇన్నేండ్లు పస్తుపెట్టి ఒక్కసారిగా గింజలు కుమ్మరించడంవల్ల పురుగులు, పందులు, ఉడుతలు తిన్నంత తిన్నా కొన్ని మిగులుతవి. రెక్కలు కట్టుకొని గిరగిర తిరుగుతూ రాలే ఆ కాయలను చూడడమే ఒక వేడుక. కాపూర్ కాయకు అయిదు రెక్కలు. అయితే రెండు పూతల నడుమ తల్లిచెట్లను నరికివేస్తే, తరువాతి పూత ఎవరు పూయవలెను?

కనుక ఈ చెట్లకు గాదె మరొక తోటయే. కౌలాలంపూరు చెంత కెపాంగ్‌లో తగరపు గనులు త్రవ్వి విడిచిన బీడుభూమిలో 1920వ దశకంలో అటవీశాఖవారు మొక్కలు నాటడం మొదలుపెట్టినారు. నేడక్కడ నిలిచినది అడవి. కాపూర్ చెట్ల క్రింద నిలిచి తలయెత్తితే, ఒకదాని కొమ్మ మరొకదానిని తాకక, నడుమ సన్నని వెలుగుకాలువలు కనబడుతవి. 2025లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చినది. ఘనకార్యమే, కాని అడవి నేలనుండి నారు ఏరి తెచ్చి, నీడపట్టున పెంచి, వేళ్లను అంటి బ్రతికే శిలీంధ్రాలతో సహా నాటితేగాని బ్రతకని మొక్కలివి. నాలుగైదు తల్లుల సంతానంతో నింపిన తోటలో జాతి వైవిధ్యం నిలువదు. పిండాన్ని వేరుచేసి ద్రవనత్రజనిలో దాచే ప్రయత్నాలు కొన్ని జాతులలో ఫలించినవి. అన్నిటికీ చెల్లే పద్ధతి కాదు.

ఈ కుటుంబానికి మన గడ్డమీదనూ బంధువులున్నారు. ఉత్తరాంధ్ర కొండలలోని గుగ్గిలం చెట్టు అందులోనిదే. శేషాచలం, కడప కొండలలోని తంబజాలారి మరొకటి. దాని జిగురును ధూపం వేస్తారు. కుంపిణీవారి కొలువులో సామర్లకోటలో ఉండి మన చెట్లను పరిశీలించిన రాక్స్‌బరో, ఆ తెలుగు పేరునే లాటినులోకి తీసుకొని షోరియా తుంబుగ్గాయియా అనే నామానికి మూలమైనాడు. తూర్పు కనుమలలోని ఈ కొద్దిపాటి మేర విడిచితే అది ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. ప్రమాదంలో ఉన్న జాతులలో అదీ ఒకటి. దాని కాయలకూ రెక్కలున్నవి. దాని గింజలనూ రాలిన వెంటనే ఏరి నారుమడికి చేర్చవలసినదే.