ఫొటో అందరికీ కనిపిస్తోంది.. మరి లైసెన్సు?

సూరత్: తాపీ నది ఒడ్డున 16వ శతాబ్దంలో కట్టిన కోట సూరత్ నగరానికి ఒక గుర్తు. అదే నగరంలో కతార్‌గామ్ దర్వాజా ప్రాంతంలో ఆంగ్లేయుల, డచ్చివారి పాత సమాధులు పెద్ద పెద్ద గుమ్మటాలతో నిలిచి ఉన్నాయి. వీటిని మొబైల్‌తో ఫొటో తీసి నలుగురితో పంచుకోవడానికి నిమిషం చాలు. అయితే ఆ ఫొటోను మరొకరు పాఠంలోనో, వార్తలోనో, పర్యాటక సంస్థ ప్రకటనలోనో వాడుకోవచ్చా? వాడుకుంటే ఎవరి పేరు వేయాలి? మార్పులు చేయవచ్చా? ఈ ప్రశ్నలకు జవాబు ఫొటోలో ఉండదు. దాని పక్కన ఉండాల్సిన ఒకటి రెండు పంక్తుల్లో ఉంటుంది. ఆ పంక్తులనే లైసెన్సు అంటారు. చిన్న తెరపై అవి కనిపించకుండా పోతే ఫొటో ఇచ్చినవారికీ, తీసుకున్నవారికీ చిక్కులు తప్పవు.

చట్టం ఏం చెబుతోంది?

భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫొటో తీసిన క్షణం నుంచే దానికి రక్షణ లభిస్తుంది. నమోదు చేయించుకోవాల్సిన అవసరం లేదు. ఒకప్పుడు ఫొటోలకు ప్రచురణ తర్వాత 60 ఏళ్ల వరకే రక్షణ ఉండేది. 2012లో జరిగిన సవరణతో ఇతర రచనల మాదిరిగానే ఫొటోలకూ కర్త జీవితకాలం, ఆపై మరో 60 ఏళ్లు హక్కులు వర్తిస్తున్నాయి. అంటే ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తున్నంత మాత్రాన ఏ ఫొటో కూడా అందరి సొత్తు కాదు. చూడటానికి ఇచ్చిన అవకాశం వేరు, వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి వేరు.

భవనాల విషయంలో మాత్రం చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. ఒక కట్టడాన్ని ఫొటో తీయడం, ఆ ఫొటోను ప్రచురించడం కాపీరైట్ ఉల్లంఘన కాదని సెక్షన్ 52 చెబుతోంది. అందువల్ల సూరత్ కోటను ఎవరైనా ఫొటో తీసి ప్రచురించుకోవచ్చు. కానీ వేరొకరు తీసిన కోట ఫొటోను ఎవరు పడితే వారు తీసుకోవడానికి మాత్రం వీల్లేదు.

ఓపెన్ లైసెన్సు అంటే..

ప్రతి ఒక్కరూ వచ్చి విడివిడిగా అనుమతి అడగనవసరం లేకుండా, కర్త ముందుగానే కొన్ని షరతులతో అందరికీ ఇచ్చే అనుమతి ఇది. ఇందుకోసం 2001లో ఏర్పడిన క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002 డిసెంబరులో తొలి లైసెన్సులను విడుదల చేసింది. ప్రస్తుతం వాడుకలో ఉన్న 4.0 రూపం 2013 నవంబరులో వచ్చింది. నాలుగు షరతుల కలయికతో ఆరు లైసెన్సులు ఉన్నాయి. కర్త పేరు చెప్పాలన్నది 'బై'. మార్పులు చేసి పంచుకుంటే అదే లైసెన్సుతో పంచుకోవాలన్నది 'ఎస్‌ఏ'. వ్యాపారానికి వాడరాదన్నది 'ఎన్‌సీ'. మార్చిన రూపాన్ని పంచుకోరాదన్నది 'ఎన్‌డీ'. ఇవి కాక, హక్కులన్నింటినీ వదులుకునేవారి కోసం 'సీసీ జీరో' ఉంది.

2004లో మొదలైన వికీమీడియా కామన్స్ ఎన్‌సీ, ఎన్‌డీ షరతులున్న ఫొటోలను స్వీకరించదు. వ్యాపార వినియోగానికీ, మార్పులకూ వీలున్నవే అక్కడ ఉండాలి. తెలుగు వికీపీడియా వ్యాసాల్లో కనిపించే ఊళ్లు, గుళ్లు, పంటల చిత్రాల్లో చాలా భాగం అక్కడి నుంచి వచ్చినవే. కామన్స్ ఆండ్రాయిడ్ యాప్ చుట్టుపక్కల ఫొటోలు అవసరమైన స్థలాలను మ్యాప్‌పై చూపుతుంది. ఫొటో ఎక్కించే దశల్లో లైసెన్సును ఎంచుకునే వీలు కల్పిస్తుంది.

ఇచ్చేవారికి తెలియాల్సింది

లైసెన్సు ఎంపిక ఒక్క తాకుడుతో ముగిసిపోయే పని. దాని ఫలితం మాత్రం దశాబ్దాల పాటు ఉంటుంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. యాప్ నుంచి ఫొటోను తొలగించినా, అప్పటికే లైసెన్సు ప్రకారం తీసుకున్నవారి హక్కు కొనసాగుతుంది. ఈ మాట సెట్టింగుల లోలోపల కాక, 'ఎక్కించు' మీట పక్కనే కనిపించాలి.

ఇందుకు 2007 నాటి ఒక వివాదం ఉదాహరణగా నిలుస్తుంది. ఆస్ట్రేలియాలో వర్జిన్ మొబైల్ సంస్థ తన ప్రకటనల కోసం ఫ్లికర్‌లోని ఫొటోలను వాడుకుంది. వాటిలో ఒకటి అమెరికాలోని టెక్సస్‌కు చెందిన ఒక బాలికది. ఫొటో తీసిన వ్యక్తి దాన్ని 'సీసీ బై' లైసెన్సుతో ఉంచారు. అందులో వ్యాపార వినియోగానికి అనుమతి ఉంది. కానీ ఫొటోలో ఉన్న బాలిక నుంచి ప్రకటన కోసం ఎవరూ అనుమతి తీసుకోలేదు. బాలిక కుటుంబం, ఫొటోగ్రాఫర్ కోర్టుకెక్కారు. వ్యాపార వినియోగం అంటే ఏమిటో తనకు తగినంతగా వివరించలేదంటూ ఫొటోగ్రాఫర్ క్రియేటివ్ కామన్స్‌ను కూడా ప్రతివాదిగా చేర్చారు. సంస్థపై దావాను తర్వాత ఉపసంహరించుకున్నారు. వర్జిన్ మొబైల్‌పై దావాను 2009లో కోర్టు తన పరిధిలోకి రాదంటూ కొట్టివేసింది. కేసు అలా ముగిసినా పాఠం మిగిలింది. లైసెన్సు వర్తించేది కాపీరైట్‌కే. ఫొటోలోని మనిషి అనుమతి వేరుగా ఉండాలి. ఫొటో ఎక్కించేవారికి ఈ తేడాను చెప్పాల్సిన చోటు యాప్ తెరే.

2014లో ఫ్లికర్ యజమాని యాహూ, వ్యాపార వినియోగానికి అనుమతి ఉన్న ఫొటోలను ముద్రించి గోడకు వేలాడదీసే చిత్రాలుగా అమ్మడం మొదలుపెట్టింది. లైసెన్సు ప్రకారం అది తప్పు కాదు. అయినా ఫొటోగ్రాఫర్ల నుంచి నిరసన రావడంతో ఆ ఏడాది డిసెంబరులోనే ఆ అమ్మకాలను నిలిపివేసింది. తాము దేనికి ఒప్పుకున్నామో చాలామందికి అప్పుడే పూర్తిగా అర్థమైంది.

తీసుకునేవారికి కనిపించాల్సింది

ఫొటో తీసుకునే వ్యక్తికి నాలుగు వివరాలు కావాలి: కర్త పేరు, ఫొటో దొరికిన చోటు, లైసెన్సు పేరు, పూర్తి పాఠానికి లింకు. ఫొటోను కత్తిరించినా, రంగులు మార్చినా ఆ సంగతి కూడా చెప్పాలి. ఇవి పాటించకపోతే అనుమతి రద్దవుతుంది. 4.0లో తప్పు తెలిసిన 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే అనుమతి తిరిగి అమల్లోకి వస్తుంది. పాత రూపాల్లో ఈ సడలింపు లేదు. కాబట్టి 'సీసీ' అని మాత్రమే చూపితే చాలదు. 'సీసీ బై-ఎస్‌ఏ 4.0' అని సంఖ్యతో సహా చూపాలి.

కేవలం గుర్తులతో సరిపెట్టడమూ సమస్యే. వలయంలో మనిషి బొమ్మ 'పేరు చెప్పాలి' అనడానికీ, సమాన గుర్తు 'మార్పులు చేసి పంచరాదు' అనడానికీ సంకేతాలని ముందే తెలిసినవారికే తెలుస్తుంది. గుర్తు కింద 'కర్త పేరు రాసి ఎవరైనా వాడుకోవచ్చు' అన్న ఒక్క తెలుగు వాక్యం ఉంటే వివరణ అక్కరలేదు.

ఈ విషయంలో తెలుగుకు ఒక అనుకూలత కూడా ఉంది. ఆంగ్లంలో 'ఫ్రీ' అన్న మాట డబ్బు అక్కరలేదన్న అర్థాన్నీ, స్వేచ్ఛ ఉందన్న అర్థాన్నీ ఇస్తుంది. తెలుగులో 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. ఓపెన్ లైసెన్సు ఇచ్చేది ప్రధానంగా షరతులతో కూడిన స్వేచ్ఛ. యాప్‌ల అనువాదంలో దాన్ని 'ఉచిత ఫొటో' అని రాస్తే, షరతులేవీ లేవన్న అపోహ మొదటి మాటతోనే మొదలవుతుంది.

పేరు చెప్పడం కొత్త ఆచారం కాదు

సూరత్‌లోని డచ్చి సమాధుల్లో అన్నింటికన్నా పేరున్నది హెండ్రిక్ వాన్ రీడ్‌ది. కేరళ మొక్కలపై 12 సంపుటాలుగా వెలువడిన 'హోర్టస్ మలబారికస్' గ్రంథాన్ని రూపొందింపజేసిన అధికారి ఆయన. 1691లో మరణించారు. ఆ గ్రంథానికి మొక్కల పరిజ్ఞానాన్ని అందించిన మలయాళీ వైద్యుడు ఇట్టి అచ్యుతన్, ముగ్గురు కొంకణి పండితుల పేర్లు 1678 నాటి మొదటి సంపుటంలోనే వారి ధ్రువపత్రాలతో సహా అచ్చయ్యాయి. ఆ పత్రాలు పుస్తకంలో భాగమయ్యాయి కాబట్టే మూడు శతాబ్దాల తర్వాత కూడా వారెవరో తెలుస్తోంది. నేటి ఫొటోకు లైసెన్సు పంక్తి చేయాల్సిన పనీ అదే.

పంచుకున్నప్పుడు రాలిపోయే వివరాలు

యాప్‌లో స్పష్టంగా కనిపించిన లైసెన్సు, ఫొటోను మరో చోటికి పంపగానే మాయం కావచ్చు. ఫొటో ఫైలులో కర్త పేరు, హక్కుల వివరాలు దాచుకునే అంతర్గత సమాచారం ఉంటుంది. చాలా మెసేజింగ్ యాప్‌లు ఫొటో పరిమాణాన్ని తగ్గించే క్రమంలో దాన్ని తీసేస్తాయి. స్క్రీన్‌షాట్ తీస్తే అసలే ఉండదు. హక్కుల సమాచారాన్ని అధికారం లేకుండా ఉద్దేశపూర్వకంగా తొలగించడం సెక్షన్ 65బి ప్రకారం నేరం. రెండేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. శిక్ష కన్నా నివారణ సులభం. 'షేర్' నొక్కినప్పుడు ఫొటోతో పాటు కర్త పేరు, లైసెన్సు, లింకు ఉన్న పంక్తిని కూడా యాప్ దానంతట అదే జతచేస్తే సరిపోతుంది. గూగుల్ 2020 ఆగస్టు నుంచి తన ఇమేజ్ సెర్చ్‌లో లైసెన్సు సమాచారం ఉన్న ఫొటోలపై ప్రత్యేక ముద్ర చూపడం కూడా ఈ దిశలో పడిన అడుగే.

సూరత్‌కు ఎందుకు ముఖ్యం?

సూరత్ బట్టల నగరం. చీర ఫొటోలే ఇక్కడి వ్యాపారానికి పెట్టుబడి. ఫొటోకు ఓపెన్ లైసెన్సు ఉన్నా, చీరపై ఉన్న డిజైనుకు అది వర్తించదు. డిజైన్ల చట్టం, 2000 కింద నమోదైన డిజైనుకు తొలుత 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఫొటోను పోస్టరులో వాడుకోవచ్చు గానీ, అందులోని డిజైనును మగ్గంపైకి ఎక్కించకూడదు.

మరమగ్గాల పనికి తెలుగు నేలనుంచి వలస వెళ్లిన కుటుంబాలు సూరత్‌లో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలనూ నడుపుతోంది. అలాంటి బడిలో పాఠానికి గోదావరి బొమ్మో, చార్మినార్ బొమ్మో కావాల్సిన ఉపాధ్యాయులకు ఓపెన్ లైసెన్సు ఫొటో అందుబాటులో ఉన్న వనరు. లైసెన్సు చదవగలిగే భాషలో, చదవగలిగే పరిమాణంలో కళ్ల ముందు ఉంటే వారు ధైర్యంగా వాడుకుంటారు. లేకపోతే వాడుకోవచ్చో లేదో తెలియక మానుకుంటారు, లేదా పేరు చెప్పకుండా వాడి తెలియకుండానే తప్పు చేస్తారు. రెండు విధాలా నష్టపోయేది పంచుకోవాలన్న ఉద్దేశంతో ఫొటో పెట్టిన వ్యక్తే.