చెక్కముక్కలతో ఓడ కడదాం



సముద్రం లేని ఊరు మనది. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు చూసినవాళ్లమే గాని ఓడను దగ్గర నుంచి చూసినవాళ్లు మనలో తక్కువ. అయినా ఓడలతో ఓరుగల్లుకు పాత చుట్టరికం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు దాన్ని బలవంతంగా తీసుకునేవారు. ఇక మీదట న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్పై వంతుల్లో ఒక వంతు. అంతకు దాదాపు వెయ్యేళ్ల ముందే శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. మన కాలానికి వస్తే, విశాఖపట్నంలో కట్టిన 'జల ఉష'కు 1948 మార్చి 14న నెహ్రూ గారు జలప్రవేశం చేయించారు.

ఇలాంటి ఓడలను చిన్న కొలతలో చెక్కతో తయారు చేయడం ప్రపంచంలో చాలామందికి ఇష్టమైన హాబీ. ఇటలీ, స్పెయిన్ వంటి దేశాల కంపెనీలు ఇందుకోసం కిట్లు అమ్ముతాయి. పెట్టెలో కోసిన చెక్కలు, సన్నని పలకలు, దారం, ఇత్తడి సామాను, నక్షా ఉంటాయి. వాటి ధర వేలల్లో ఉంటుంది. మన మెస్ బిల్లుల లెక్క తెలిసినవాళ్లెవరూ ఆ పెట్టె జోలికి పోరు. కాని పెట్టె లేకపోయినా పద్ధతి తెలిస్తే చాలు. ఆ పద్ధతే ఈ వ్యాసంలో చెబుతాను.

స్కేలు అంటే ఏమిటి?

1:100 స్కేలు అంటే అసలు ఓడలో 100 సెంటీమీటర్లు నమూనాలో 1 సెంటీమీటరు. 30 మీటర్ల ఓడ 30 సెంటీమీటర్లకు, 170 సెంటీమీటర్ల మనిషి 1.7 సెంటీమీటర్లకు వస్తారు. ఇక్కడ ఒక చిక్కు గమనించాలి. పొడవు నూరో వంతు అయితే ఘనపరిమాణం నూరో వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి అది పది లక్షలో వంతు అవుతుంది. మాథ్స్ పుస్తకంలో చదివిన ఘనం ఇక్కడ చేతికి తెలుస్తుంది.

తయారు చేసే విధానం

మొదట గ్రాఫ్ కాగితం మీద ఓడ బొమ్మ గీయాలి. మనిషికి వెన్నెముక ఎలాగో ఓడకు కీల్ అలాగ. దాన్ని పలుచని ప్లైవుడ్‌తో కోసి, పక్కటెముకల్లాంటి అడ్డచట్రాలను వరుసగా గాడుల్లో నిలబెట్టాలి. ముందు నుంచి వెనక్కి ఒక దారం బిగించి కట్టి, ప్రతి చట్రం నడిమి గుర్తు సరిగ్గా దారం కిందికే వస్తున్నదా అని చూడాలి. అప్పుడే ఫెవికాల్ పెట్టాలి.

తర్వాత పలకలు అంటించడం. అసలు పని ఇదే. ఐస్‌క్రీమ్ పుల్లలను నిలువుగా చీల్చి, గరుకు కాగితంతో రుద్ది పలుచన చేస్తే 5 మిల్లీమీటర్ల పలకలు తయారవుతాయి. వేడినీళ్లలో అరగంట నానబెట్టి, సీసాకు ఆనించి వంచి, దారంతో కట్టి ఆరనిస్తే వంపు నిలుస్తుంది. పొడవు చాలనిచోట చట్రం మీద అతుకు వచ్చేలా చూసుకోవాలి. ఎడమవైపు ఒకటి అంటిస్తే వెంటనే కుడివైపు ఒకటి అంటించాలి. ఒకే వైపు అంటించుకుంటూ పోతే కీల్ మెలిక పడుతుంది.

చాలామంది ఆగిపోయేది ఓడ మూతి దగ్గర. నడుమ చట్రం ఒక పక్క చుట్టుకొలత 10 సెంటీమీటర్లు అనుకుందాం. 5 మిల్లీమీటర్ల పలకలు 20 పడతాయి. మూతి దగ్గర చుట్టుకొలత 6 సెంటీమీటర్లే. అవే 20 పలకలు అక్కడ ఇమడాలంటే ఒక్కొక్కటి 3 మిల్లీమీటర్లే ఉండాలి. అందుకే ప్రతి పలకనూ మూతి వైపు సన్నగా చెక్కుకోవాలి. ఈ భాగహారం ముందే చేసుకుంటే పలక మీద పలక ఎక్కదు.

చివరికి స్తంభాలు, తాళ్లు. స్తంభాలను కదలకుండా పట్టి ఉంచే తాళ్లకు పాతకాలంలో తారు పూసేవారు కనుక వాటికి నల్లదారం వాడాలి. తెరచాపలను లాగే తాళ్లకు లేతరంగు దారం. దారాన్ని మైనం మీద ఒకసారి లాగితే నూగు అణిగిపోతుంది.

కలప కోసం దూరం పోనక్కర లేదు. వడ్రంగి కొట్టులో పారేసే ముక్కలు చాలు. మన నిర్మల్, కొండపల్లి కళాకారులు తేలికైన పొనికి చెక్కతోనే బొమ్మలు చేస్తారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడుస్తారు. మన ఓడలో సందులకు కూడా రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి పెట్టవచ్చు.

ఇది ఆటేనా?

నమూనా అంటే బొమ్మ మాత్రమే కాదు. 1870లలో విలియం ఫ్రౌడ్ ఇంగ్లాండులో నీటి తొట్టి కట్టి, చిన్న నమూనాలను లాగి పెద్ద ఓడకు నీళ్లు ఎంత అడ్డు తగులుతాయో లెక్కగట్టాడు. విశాఖలోని రక్షణశాఖ ప్రయోగశాల ఎన్.ఎస్.టి.ఎల్.లో ఇప్పటికీ అలాంటి తొట్టి ఉంది. ఎన్.సి.సి. నౌకాదళ విభాగం క్యాడెట్లకు ఓడ నమూనాల తయారీ ఒక పోటీ అంశం.

మరో మాట. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా నాన్న సుతారి. చదువుకుంటే చేతిపని తప్పుతుందని మనలో చాలామందిని ఇంటివాళ్లు హాస్టల్‌కు పంపారు. అందుకే చేతిపనిని చిన్నచూపు చూడటం మనకు తెలియకుండానే అలవాటవుతుంది. కాని కీల్ మీద దారం కట్టి చూసే పని మా నాన్న ప్రతి గోడ మీదా చేస్తాడు. నేను కాగితం మీద లెక్క వేసి పట్టుకునే వంకరను ఆయన ఒక కన్ను మూసి పట్టుకుంటాడు. దానికి సర్టిఫికెట్ లేదు, అంతే తేడా. చదువు మనల్ని ఆ పని నుంచి తప్పించవచ్చు గాని, ఆ పనిలోని తెలివిని మరిపించకూడదు.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక చిన్న ఓడ మొదలుపెట్టండి. పలక వంచేటప్పుడు అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల దగ్గర నేర్చుకునేది తప్పకుండా ఉంటుంది.