రొయ్యకీ రష్యా ఆయిల్‌కీ ఏంటి సంబంధం?

2025లో వినాయక చవితికి భీమవరం దగ్గర మా మావయ్య వాళ్ల ఊరు వెళ్లాను. రొయ్య పట్టుబడికి వచ్చింది. కొనేవాళ్లేమో రేటు తగ్గించేశారు. "ఒరేయ్, మన రొయ్యకీ రష్యా ఆయిల్‌కీ ఏంట్రా సంబంధం?" అని అడిగాడు మావయ్య. అప్పుడు నాకు తెలీలేదు. హాస్టల్‌కి వచ్చాక చదివితే అర్థమైంది ఇదీ.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. యూరప్ దేశాలు రష్యా ఆయిల్ కొనడం బాగా తగ్గించేశాయి. రష్యా డిస్కౌంట్‌కి అమ్మింది, మనం కొన్నాం. అందుకు శిక్షగా అమెరికా మన సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. అంతకుముందే ఉన్న 25తో కలిపి మొత్తం 50. అది అమల్లోకి వచ్చిన ఆగస్టు 27నే మనకి చవితి!

నిజానికి సుంకం కట్టేది అమెరికాలో దిగుమతి చేసుకునే కంపెనీ. కానీ అది ఇక్కడి ఎగుమతిదారుని రేటు తగ్గించమంటుంది. ఆయన రైతుని తగ్గించమంటాడు. రైతు ఇంకెవరినీ అడగలేడు. ఆగుదామంటే మేత ఖర్చు, ఏరియేటర్లకి కరెంటు ఖర్చు, పైగా వైరస్ భయం.

మరి దెబ్బ అందరికీ ఒకేలా తగిలిందా? లేదు. మన దేశం నుంచి వెళ్లే మందులకీ, స్మార్ట్‌ఫోన్లకీ మినహాయింపు ఇచ్చారు. అవి ఖరీదైతే ఇబ్బంది అమెరికా వాళ్లకే. రష్యా ఆయిల్ మనకంటే ఎక్కువ కొనే చైనా మీద ఈ శిక్ష వెయ్యనే లేదు. ఫోన్లకీ కార్లకీ కావాల్సిన అరుదైన ఖనిజాలు చాలావరకు చైనా చేతిలోనే ఉన్నాయి మరి. రొయ్య అలా కాదు. మనది కాకపోతే ఈక్వెడార్‌ది కొనుక్కుంటారు. అప్పట్లో దాని మీద సుంకం 15 శాతమే ఉండేది.

అంటే నాకు అర్థమైంది ఏంటంటే, ఎవరిని శిక్షించాలన్నది రాజకీయం నిర్ణయిస్తుంది. ఆ దెబ్బ చివరికి ఎవరికి తగులుతుందన్నది మాత్రం ఎవరి సరుకుకి బదులు తేలిగ్గా దొరుకుతుందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఫోన్ చేసి మావయ్యకి ఇదంతా చెప్పాను. మొత్తం విని, "అయితే మన రొయ్య లేకపోయినా వాళ్లకి జరిగిపోద్దన్నమాట" అన్నాడు. ఈసారి రెండు చెరువుల్లో ఒకదాంట్లోనే సీడ్ వేస్తాడట.