గురి నేర్చువారికి చవుక పిస్తోలు తగునా?

గత మాసమున మాకు వచ్చిన శ్రోతల లేఖలలో లింగాల ఘనపూర్ ప్రాంతమునుండి ఒక రైతు వ్రాసిన ఉత్తరము ఉన్నది. ఆయన కుమారుడు ఇంటర్మీడియట్ చదువుచున్నాడు. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో మనూ భాకర్ గాలి పిస్తోలుతో రెండు కంచు పతకములు గెలిచిన నాటినుండి ఆ పిల్లవాని మనసు గురి విద్యపై నిలిచినది. "హైదరాబాదులో విదేశీ పిస్తోలు చవుకగా దొరుకునని ఎవరో చెప్పినారు. పత్తి అమ్మిన డబ్బులో కొంత తీసి ఉంచినాను. కొని ఇయ్యవచ్చునా, అయ్యా? పోలీసువారితో చిక్కు రాదు గదా?" అని ఆ తండ్రి ప్రశ్న.

ప్రశ్న చిన్నదే. కాని దానిలో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నవి. చట్టము ఏమి చెప్పుచున్నది? ఆ వస్తువు పనికివచ్చునదేనా? నేర్చుకొనువానికి మొట్టమొదట కావలసినది అదేనా? ఒక పంట డబ్బుతో ముడివడిన విషయము గనుక మూడింటిని వరుసగా విచారింతము.

ముందుగా చట్టము. జనగామ ప్రాంతమున తుపాకి అను మాట వినినంతనే పెద్దల ముఖములు గంభీరమగుటకు కారణము లేకపోలేదు. 1946 జులై 4న ఈ ప్రాంతమందలి కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకి గుండ్లకు నేలకొరిగినాడు. ఆ తరువాత 1951 వరకు సాగిన సాయుధ పోరాటములో వడిసెల, గుతుప, బరమారు తుపాకి ఈ పల్లెలలో వినిపించిన మాటలు. "పోలీసువారితో చిక్కు రాదు గదా" అని ఆ తండ్రి అడుగుట వెనుక ఇన్ని తరముల జ్ఞాపకము ఉండవచ్చును. ఆయన భయము అర్థము లేనిది కాదు.

మన దేశమున ఆయుధములకు మూలశాసనము 1959 నాటి ఆయుధ చట్టము. మందుగుండుతో పేలు పిస్తోలు గాని రివాల్వరు గాని లైసెన్సు లేక ఎవరును ఉంచుకొనరాదు. ఆ లైసెన్సు పొందుటకు సాధారణముగా 21 సంవత్సరములు నిండవలెను. 2019లో చేసిన సవరణ ప్రకారము లైసెన్సు లేని తుపాకి కలిగియుండుటకు శిక్ష రెండు సంవత్సరములకు తగ్గదు, అయిదు సంవత్సరముల వరకు ఉండవచ్చును. అనుమతి లేక విదేశమునుండి ఆయుధము తెచ్చినవారికి ఏడేండ్లకు తగ్గని కారాగారము విధింతురు. 9 మిల్లీమీటర్ల పిస్తోలు వంటివి నిషిద్ధ తరగతికి చెందినవి. వాటిని సామాన్య పౌరుడు సాధారణముగా పొందజాలడు.

ఇక విదేశీ చేతి తుపాకులను సామాన్యులు దిగుమతి చేసికొను మార్గము 1980ల మధ్యకాలముననే మూతపడినది. పోటీలలో ఖ్యాతి గడించిన గురికాండ్రకు మాత్రము ప్రత్యేకానుమతితో ఆ వీలు కలదు. అందువలన అంగడిలో లైసెన్సుతో దొరకు పాత విదేశీ రివాల్వరులు అరుదై, మిక్కిలి ప్రియమైనవి. దీని ఫలితము శ్రోతలు గుర్తుంచుకొనవలెను: ఎవరైనను "విదేశీ పిస్తోలు, చవుక" అని చాటుగా చెప్పినచో అది దొంగసరుకు గాని, తపంచా గాని అయియుండును. అటువంటి దాని దగ్గరకు పోవుట పిల్లవాని చదువును, ఇంటి పరువును, పొలమును కూడ పణముగా పెట్టుటయే.

కాని ఆ యువకుడు కోరునది అది కాకపోవచ్చును. మనూ భాకర్ చేత పట్టినది గాలి పిస్తోలు. దీనిలో మందుగుండు లేదు. బిగించిన గాలి బలముతో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళిక వెలికి వచ్చును. 2016 నాటి ఆయుధ నియమములు గొట్టపు వ్యాసము 4.5 మిల్లీమీటర్లు మించక, గుళిక శక్తి 20 జౌళ్లకు లోబడిన గాలి తుపాకులకు లైసెన్సు అక్కరలేదని చెప్పుచున్నవి. పోటీ పిస్తోలు గుళిక బరువు సుమారు అర గ్రాము, వేగము సెకనుకు సుమారు 150 మీటర్లు. లెక్క కట్టిన దాని శక్తి ఆరు జౌళ్లు మించదు. కనుక మొదటి ప్రశ్నకు సమాధానము: గాలి పిస్తోలు అయినచో, ఆ హద్దులలో ఉన్నదని వ్రాతపూర్వకముగా తెలిసినచో, సక్రమమైన దుకాణములో రసీదుతో కొన్నచో, చట్టమువలన చిక్కు లేదు.

రెండవ ప్రశ్న కొంచెము లోతైనది. కొన్ని వేల రూపాయలకు దొరకు దిగుమతి గాలి పిస్తోళ్లు చూపులకు నిజమైన సైనిక పిస్తోళ్లవలె ముద్దుగా ఉండును. ఇవి గురి విద్యకు పనికివచ్చునా?

గాలి పిస్తోలు పోటీ 10 మీటర్ల దూరమున జరుగును. ఒంటి చేతితో, నిలబడి, 75 నిమిషములలో 60 గుళికలు కొట్టవలెను. లక్ష్యపటము నడుమనున్న పది మార్కుల వలయము వ్యాసము 11.5 మిల్లీమీటర్లు, అనగా చొక్కా గుండీ అంత. పిస్తోలు ముందుగురికి, వెనుకగురికి నడుమ 320 మిల్లీమీటర్ల దూరము ఉన్నదనుకొందము. ముందుగురి ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో గుళిక పటముపై 31 మిల్లీమీటర్లు ప్రక్కకు పోవును. పది మార్కులు రావలసిన చోట ఏడు వచ్చును. గురుల నడుమ 200 మిల్లీమీటర్లే ఉన్న పొట్టి పిస్తోలులో అదే ఒక్క మిల్లీమీటరు తప్పునకు గుళిక 50 మిల్లీమీటర్లు తప్పిపోయి నాలుగు మార్కుల వలయమున పడును. ముద్దుగా ఉన్న పొట్టితనము పిల్లవాని చిన్న తప్పును పెద్దది చేసి చూపునన్నమాట.

అంతకంటె పెద్ద చిక్కు యంత్రములో ఉన్నది. చవుక పిస్తోళ్లలో చాల వాటికి స్ప్రింగు ఉండును. మీట నొక్కగనే స్ప్రింగు విడివడి లోపలి బరువైన ముషలకమును ముందుకు తోయును. గుళిక గొట్టమును విడువక మునుపే పిస్తోలు ఒకసారి వెనుకకు, ఒకసారి ముందుకు ఎగురును. ఆ కుదుపును అణచి గురి నిలుపుట ఆరితేరినవారికే కష్టము. పైగా ఇట్టి స్ప్రింగు పిస్తోలును గుళిక లేక ఉత్తగా పేల్చరాదు. గుళిక అడ్డు లేనిచో ముషలకము వేగముగా పోయి గొట్టపు మొదలును తాకి దెబ్బతినును. కాని గురి విద్యలో సగము సాధన గుళిక లేని సాధనయే! తెల్లని గోడ ముందు నిలిచి, గురి చెదరకుండ మీట నొక్కుట దినదినము చేయవలసిన పాఠము. గురిశాల దూరముగా ఉన్న పల్లె విద్యార్థికి ఇదియే ప్రధాన సాధన. దానికే పనికిరాని పిస్తోలు అతనికి ఏమి నేర్పగలదు?

కొన్నింటిలో స్ప్రింగునకు బదులు కార్బన్ డయాక్సైడు బుడ్లు వాడుదురు. కుదుపు తక్కువ. కాని ఆ వాయువు ఒత్తిడి వేడినిబట్టి మారును. మన వైశాఖ మాసపు మధ్యాహ్నమున ఒక చోట, మార్గశిరపు ఉదయమున మరొక చోట గుళిక పడును. బుడ్ల ఖర్చు మాటిమాటికి ఉండును.

మీట సంగతియు చూడవలెను. పోటీలలో మీట నొక్కుటకు కావలసిన బలము 500 గ్రాములకు తగ్గరాదని నియమము. మంచి పిస్తోళ్లలో దానిని సరిగా అంతకే దిద్దుకొనవచ్చును. చవుక వాటిలో అంతకు అనేక రెట్లు బలము కావలసి, ఆ ప్రయత్నములో చేయి వణకును.

ఇన్ని చెప్పుటలో ఉద్దేశము ఒక్కటే. నేర్చుకొనువాడు గురి చూచి కొట్టినప్పుడు గుళిక తప్పిపోవును. తప్పు ఎక్కడ జరిగినది? చూపులోనా, శ్వాసలోనా, వ్రేలిలోనా? ఆ తప్పును తాను గుర్తించుటయే విద్య. పిస్తోలు తన తప్పును కూడ అందులో కలిపినచో ఏది తనది, ఏది యంత్రముది అని పిల్లవానికి తెలియదు. తప్పుడు తూకపురాళ్లతో బేరము నేర్చుకొనుట వంటిది అది. అందుచేత ఆరితేరినవాని కంటె కూడ నేర్చుకొనువానికే నమ్మకమైన పిస్తోలు కావలెను.

చవుకదంతయు చెడ్డదని దీని అర్థము కాదు. రష్యాలోని ఇజెవ్‌స్క్‌లో తయారైన బైకాల్ 46 అను పిస్తోలు ఖరీదైన జర్మను, ఆస్ట్రియా పిస్తోళ్లతో పోల్చిన చాల తక్కువ వెలకు అమ్ముడుపోయి, అనేక దేశములలో ఆరంభకులకు తోడైనది. దానిలో స్ప్రింగు లేదు. మీటరాడు ఒక్కసారి వంచి గాలి నింపిన ఒక గుళికకు సరిపోవును, కుదుపు లేదు. వెల తగ్గినను యంత్రము నిజాయితీగలది. ఈ పద్ధతి పిస్తోలు పాతది దొరికినను మేలే. మరొక వైపు స్టెయిర్, మోరిని, వాల్తేర్ వంటి పోటీ పిస్తోళ్లు లక్షకు పైబడినవి. వాటిలో ముందే బిగించిన గాలి సిలిండరు ఉండును. పాతవి కొనువారు సిలిండరుపై ముద్రించిన తేదీ తప్పక చూడవలెను. దాని వాడుక కాలము పది సంవత్సరములకు మించరాదు.

విడిభాగములును విచారింపవలెను. 2021 జులైలో టోక్యో పోటీ నడుమ మనూ భాకర్ పిస్తోలు మీటరాడు విరిగి, బాగుచేయించుటలో విలువైన నిమిషములు పోయినవి. ఆమె 575 మార్కులతో 12వ స్థానమున నిలిచి, రెండు మార్కుల తేడాతో చివరి పోటీకి దూరమైనది. వెంట నిపుణులు ఉన్నవారికే ఇట్లయినచో, తయారుచేసినవాని పేరే తెలియని పిస్తోలునకు ఒక రబ్బరు ముద్ర పాడైనచో జనగామలో ఎవరు బాగుచేయుదురు?

ఇక మూడవ ప్రశ్న. పిస్తోలు మొదట కావలసినదేనా? గగన్ నారంగ్ కథ ఇందుకు ఉపకరించును. హైదరాబాదులో పెరిగిన ఆయనకు 1997లో తండ్రి గాలి పిస్తోలు కానుకగా ఇచ్చినాడు. ఇంటి పెరటిలోనే సాధన ఆరంభమైనది. కాని 2012లో లండన్‌లో ఆయన కంచు పతకము గెలిచినది పిస్తోలుతో కాదు, 10 మీటర్ల గాలి రైఫిలుతో. మొదటి ఆయుధము దారి చూపునే గాని గమ్యము కాదు. పిల్లవాని చేయి దేనికి తగునో తెలియక ముందే పెద్ద సొమ్ము పెట్టుట తొందరపాటు.

కనుక వరుస ఇట్లు ఉండవలెను. కళాశాలలో ఎన్.సి.సి. ఉన్నచో మొదట అందులో చేరవలెను. అక్కడ .22 రైఫిలుతో గురి, క్రమశిక్షణ, తుపాకి మర్యాద ఖర్చు లేక నేర్పుదురు. సెలవులలో జనగామలో రైలెక్కి సికింద్రాబాదు చేరి, హైదరాబాదు గచ్చిబౌలి గురిశాలను, అనుభవముగల శిక్షకులను చూడవలెను. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఒక స్వర్ణముతో పాటు మూడు రజతములు గెలిచిన ఈషా సింగ్ హైదరాబాదు బాలికయే. శిక్షణశాలలోని పిస్తోలుతో కొన్ని దినములు కొట్టి చూచిన గాని తన చేతికి ఏ పిడి కుదురునో తెలియదు.

అంతవరకు ఇంటిలో ఏమి చేయవలెను? లీటరు నీళ్ల సీసా బరువు సుమారు ఒక కిలో. పోటీ పిస్తోలు బరువును ఇంచుమించు అంతే. ఆ సీసాను చాచిన ఒంటి చేతితో భుజమెత్తున పట్టి, పది సెకనులు నిలిపి, దించి, మరల ఎత్తవలెను. దినమునకు ఇరువది సార్లతో ఆరంభించి, మూడు మాసములలో అరువదికి చేర్చవలెను. ఆ మూడు మాసములు విసుగు చెందక చేసిన పిల్లవానికి పిస్తోలు కొనవచ్చును. మూడవ దినముననే మానినవానికి కొననవసరమే లేదు. కాణీ ఖర్చు లేని పరీక్ష ఇది.

కొను దినము వచ్చినప్పుడు దుకాణములోనే మూడు సంగతులు చూడుడు. గుళిక లేక సాధన చేయు ఏర్పాటు ఉన్నదా? మీట బలము, పిడి దిద్దుకొను వీలు ఉన్నదా? ఇసుక సంచిపై ఆనించి 10 మీటర్ల దూరమున కొట్టిన పది గుళికలు ఆ గుండీ అంత వలయములో పడుచున్నవా? మూడింటిలో ఒకటి లేకున్నను వెనుకకు మరలుట మేలు.

చివరగా ఒక హెచ్చరిక. గాలి పిస్తోలు జాతరలో బుగ్గలు పేల్చు ఆటబొమ్మ కాదు. ఆరు జౌళ్ల గుళిక కన్ను తీయగలదు. వెనుక గట్టి అడ్డు లేక కొట్టరాదు, ఎవరి వైపును చూపరాదు, కంటికి అద్దములు ఉండవలెను, సీసము తాకిన చేతులు కడుగక అన్నము ముట్టరాదు. చెట్టుపై పిట్టను కొట్టుట 1972 నాటి వన్యప్రాణి చట్టము క్రింద కేసు తెచ్చిపెట్టును.

ఘనపూరు రైతుసోదరునకు మా సమాధానము ఇది. చాటుగా అమ్ము పిస్తోలును తాకవద్దు. దుకాణమున దొరకు చవుక స్ప్రింగు పిస్తోలు నేరము కాదు, కాని దండుగ. పత్తి డబ్బును ప్రస్తుతము పోస్టాఫీసులోనే ఉంచుడు. అబ్బాయికి ఈ సాయంత్రము ఒక నీళ్ల సీసా చేతికి ఇండు. మూడు మాసముల తరువాత మాకు మరల వ్రాయుడు.