పాతబండికి కొత్త వోల్టేజి

1932లో నిజాం రాష్ట్రమున 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణా ఆరంభమయ్యెను. ఆ తరమునకు చెందిన అమెరికా లారీలు పెక్కింటికి 6 వోల్టుల బ్యాటరీయే ఆధారము. అట్టి బండి, 1998లో సైబర్ టవర్స్ వెలసిన హైటెక్ సిటీలో, నేటి సాయంకాలపు రద్దీలో నిలిచినచో డైనమో మందగించి దీపములు మసకబారును. అందుచే కొందరు దానిని 12 వోల్టులకు మార్చుదురు.

ఇందలి సూత్రము తరగతిగదిలోనిదే. 30 వాట్ల దీపము 6 వోల్టులయందు 5 ఆంపియర్లు కోరును. 12 వోల్టులయందు 2.5 చాలును. ప్రవాహము సగమైనచో, అదే తీగలో వేడిగా పోవు శక్తి నాలుగవ వంతగును.

అయితే బ్యాటరీ మార్చినంత మాత్రమున పని తీరదు. బల్బులు, డైనమో, రెగ్యులేటరు, ఇగ్నిషన్ కాయిలు అన్నియు కొత్త వోల్టేజికి తగియుండవలెను. లేనిచో 6 వోల్టుల బల్బు క్షణములో మాడిపోవును. పై తొడుగు చిట్లిన తీగలను మార్చనిచో అగ్నిభయము తప్పదు.

తీసిన భాగములను పారవేయరాదు. ప్రాచీన కావ్యమును పరిష్కరించువాడు పాఠాంతరములను అడుగున చూపును గదా! పాతబండిని బాగుచేయువానికిని ఆ ధర్మమే వర్తించును. మూలరూపము మరల పొందుటకు వీలున్నంతవరకే మార్పు సంస్కరణమనిపించుకొనును.