తాళం వేయాల్సింది చదివేటప్పుడే

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో భూమి లెక్క గుంటల్లో నడుస్తుంది. ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 గజాలు. హైదరాబాద్ అంచున ఉన్న ఊళ్లు కాబట్టి ఒక్క గుంట తేడా వచ్చినా అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుతారు. 2020 అక్టోబర్ 29న తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలయ్యాక సాగుభూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దార్ ఆఫీసులో ఒకేచోట జరుగుతున్నాయి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పాసుపుస్తకంలో కనిపించే విస్తీర్ణం ఇప్పుడు డేటాబేస్ టేబుల్‌లో ఒక అంకె. మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లల్లో కొందరు రేపు ఇలాంటి అంకెలను మార్చే ప్రొసీజర్లు రాస్తారు. వాళ్ల కోసమే ఇది. ఇక్కడి ఉదాహరణ నేను కల్పించినది, ఏ పోర్టల్ లోపలి కోడూ కాదు.

అపోహ: స్టోర్డ్ ప్రొసీజర్‌లో రాశాం కాబట్టి ఒకరి పని అయ్యాకే ఇంకొకరిది మొదలవుతుంది.

చాలామంది గట్టిగా నమ్మేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. చేవెళ్లలో ఒక రైతు ఖాతాలో 80 గుంటలు ఉన్నాయనుకుందాం. ఒక కంప్యూటర్ దగ్గర 50 గుంటల అమ్మకం, ఇంకో కంప్యూటర్ దగ్గర కూతురికి 40 గుంటల గిఫ్ట్ డీడ్ ఒకే క్షణంలో నడుస్తున్నాయి. రెండు చోట్లా అదే ప్రొసీజర్. రెండూ విస్తీర్ణం చదివాయి, రెండింటికీ 80 కనిపించింది. సరిపడా భూమి ఉందని రెండూ తేల్చుకున్నాయి. మొదటిది 30 మిగిలిందని రాసింది. రెండోది తాను చదివిన 80లోంచి 40 తీసేసి, ఆ 30 మీద 40 అని రాసింది. ఉన్న 80లో 90 గుంటలు చేతులు మారాయి, ఇంకా 40 మిగిలినట్టు రికార్డు చెబుతోంది. ఎక్కడా ఎర్రర్ రాలేదు.

ప్రొసీజర్ అంటే సర్వర్‌లో దాచిన కోడ్, అంతే. దాన్ని ఎంతమందైనా ఒకేసారి నడపవచ్చు. తాళం పడాల్సింది రాసేటప్పుడు కాదు, నిర్ణయానికి ఆధారమైన అంకెను చదివేటప్పుడు. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లలో దానికి ‘సెలెక్ట్ ఫర్ అప్‌డేట్’ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ‘అప్‌డ్‌లాక్’ అనే హింట్ ఇవ్వాలి. అప్పుడు గిఫ్ట్ డీడ్ ఆ రో దగ్గర ఆగుతుంది. అమ్మకం కమిట్ అయ్యాక దానికి కనిపించేది 30. నలభై ఇవ్వడం కుదరదని తిప్పి పంపుతుంది. నిర్ణయం ఇంత చిన్నదైతే నేను వేరుగా చదవను. ‘విస్తీర్ణం 40కి తగ్గకపోతేనే 40 తీసెయ్’ అని ఒకే అప్‌డేట్‌లో రాసి, ఎన్ని రోలు మారాయో చూస్తాను. సున్నా వస్తే భూమి లేదన్నమాట.

అపోహ: ట్రాన్సాక్షన్ మొదలుపెడితే లాక్ దానంతటదే పడుతుంది.

ట్రాన్సాక్షన్ ఇచ్చే మాట వేరు: జరిగితే అన్నీ జరుగుతాయి, లేకపోతే ఏదీ జరగదు. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో మామూలుగా ఉండే ఐసొలేషన్ స్థాయి ‘రీడ్ కమిటెడ్’. పైన చెప్పిన ప్రమాదం దాని కింద నిక్షేపంగా జరుగుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ‘రిపీటబుల్ రీడ్’ ఉంటుంది కదా అని ధీమాగా ఉండొద్దు. పోస్ట్‌గ్రెస్‌లో ఆ స్థాయి పెడితే రెండో అప్‌డేట్ ఎర్రర్‌తో ఆగుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం చప్పుడు లేకుండా మొదటిదాని మీద రాసేస్తుంది. పేరు ఒకటే, నడత వేరు.

ఇంకో సంగతి. లాక్ కమిట్ వరకే బతుకుతుంది. ఆటోకమిట్ మీద ‘ఫర్ అప్‌డేట్’ రాస్తే ఆ వాక్యం ముగియగానే తాళం ఊడిపోతుంది.

అపోహ: లాక్ వేస్తే ఆఫీసంతా ఆగిపోతుంది.

చేవెళ్ల రోకి తాళం వేస్తే మొయినాబాద్ రోకి ఏమీ కాదు. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లలో ఆ రోను మామూలుగా చదివేవాళ్లూ ఆగరు, కమిట్ అయిన పాత విలువ వాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. భయం పూర్తిగా నిరాధారం కాదు లెండి. మైఎస్‌క్యూఎల్‌లో ఇండెక్స్ లేని కాలమ్ మీద వెతికితే దారిలో తగిలిన రోలన్నిటికీ తాళాలు పడవచ్చు. వేలిముద్ర, ఫొటో తీసేంతసేపు తాళం పట్టుకుని కూర్చున్నా వెనకవాళ్లు ఆగాల్సిందే. అలాంటి చోట రోలో వెర్షన్ నంబర్ ఉంచి, చివర్లో అది మారిందో లేదో చూసుకోవడం మేలు.

అపోహ: డెడ్‌లాక్ వచ్చిందంటే డేటాబేస్ పాడైనట్టే.

చేవెళ్ల, మొయినాబాద్ రైతులిద్దరు భూములు మార్చుకుంటున్నారు. ఒక ప్రొసీజర్ ముందు చేవెళ్ల రో పట్టుకుంది, అదే సమయంలో వేరే పని మీద వచ్చిన ఇంకోటి ముందు మొయినాబాద్ రో పట్టుకుంది. ఇక రెండో రో కోసం ఒకదాని వల్ల ఇంకోటి ఆగిపోయింది, ఇదే డెడ్‌లాక్. డేటాబేస్ దాన్ని పసిగట్టి ఒకదాన్ని ఆపేస్తుంది, అది దాని బాధ్యత. ఎప్పుడూ చిన్న ఐడీ రోనే ముందు పట్టుకోవడం, ఆగిన ట్రాన్సాక్షన్‌ను మొదటి నుంచి మళ్లీ నడపడం మన బాధ్యత.

అపోహ: లాక్‌లు సరిగ్గా ఉంటే డబుల్ రిజిస్ట్రేషన్లు ఉండవు.

లాక్ బతికేది సాధారణంగా మిల్లీసెకన్లు. ఒకే భూమిని జనవరిలో ఒకరికి, మార్చిలో మరొకరికి రాసిచ్చినవాడిని అదేం ఆపుతుంది? పైగా చట్టం చూసే వరుస వేరు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 23 ప్రకారం దస్తావేజును రాసుకున్న నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు తేవచ్చు. సెక్షన్ 47 ప్రకారం రిజిస్టరయ్యాక అది రాసుకున్న నాటి నుంచే అమలవుతుంది. జనవరి దస్తావేజు ఏప్రిల్‌లో డేటాబేస్‌కు చేరినా, మార్చి దస్తావేజు కంటే ముందుది కావచ్చు. అందుకే దస్తావేజు రాసుకున్న తేదీకి ఒక కాలమ్, డేటాబేస్‌లో నమోదైన సమయానికి వేరే కాలమ్ ఉంచాలి. రెండోదాన్ని చూసి మొదటిది నింపకూడదు.